కంటికి కనపడని కాంక్రీటుతో స్విమ్మింగ్ పూల్

ఐసీఎఫ్ దిమ్మెలతో (రెండు థర్మోకోల్ పలకల మధ్య ఖాళీలో కాంక్రీటు పోసి, పలకలను అలాగే వదిలేసే దిమ్మెలు) స్విమ్మింగ్ పూల్ కట్టమనేవాళ్లు ముందుగా ఎత్తే మాట వేడి. గోడకు రెండు పక్కలా థర్మోకోల్ ఉంటుంది కాబట్టి నీటి వేడి మట్టిలోకి పోదు, బిల్లు తగ్గుతుంది అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ పూల్ వేడిలో ఎక్కువ భాగం పోయేది గోడల్లోంచి కాదు, నీటి పైనుంచి.

లెక్క వేసి చూద్దాం. లోపలి కొలత 8 మీటర్లు, 4 మీటర్లు, గోడ ఎత్తు 1.6 మీటర్లు అనుకుందాం. నీటి పైభాగం 32 చదరపు మీటర్లు. రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైతే 160 లీటర్లు పోయినట్టు. లీటరు నీరు ఆవిరవుతూ దాదాపు 0.68 యూనిట్ల (కరెంటు మీటరు యూనిట్లే) వేడిని తీసుకుపోతుంది. అంటే రోజుకు 108 యూనిట్లు. ఇక గోడలు 38 చదరపు మీటర్లు. చెరో పక్క 65 మిల్లీమీటర్ల థర్మోకోల్ ఉండి, నీటికీ మట్టికీ 12 డిగ్రీల తేడా ఉంటే, వాటిగుండా రోజుకు పోయేది 3 యూనిట్ల లోపే. థర్మోకోల్ లేని గోడ దీనికి నాలుగింతలు పోగొట్టిందనుకున్నా మిగిలేది ఎనిమిది తొమ్మిది యూనిట్లు. రాత్రిపూట నీటి మీద పరిచే పట్టా అంతకు ఎన్నో రెట్లు ఆదా చేస్తుంది. వేడి చేయని పూల్‌కైతే ఈ లాభం దాదాపు సున్నా. ఏడాది పొడవునా వేడి చేసే పూల్‌కు, అదీ పట్టా కొన్నాక, గోడల థర్మోకోల్ గురించి ఆలోచించవచ్చు. అప్పుడు కూడా బెడ్ (పూల్ అడుగు కాంక్రీటు) కింద గట్టి రకం ఎక్స్‌పీఎస్ (థర్మోకోల్ లాంటి నురుగు) పలకలు వేయకుండా గోడలకే వేస్తే పని సగమే అయినట్టు. గోడలు 38 చదరపు మీటర్లైతే అడుగు 32.

మరి ఐసీఎఫ్ ఎందుకు? సెంట్రింగ్ కోసం. చెక్కలు కొట్టే పని, విప్పే పని ఉండదు. దిమ్మె ఒక్కటి సాధారణంగా 1.2 మీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు, ఒక మనిషి చేత్తో ఎత్తేంత తేలిక. రెండు పలకల మధ్య తేమ ఆరిపోదు కాబట్టి గోడకు క్యూరింగ్ కూడా బాగా జరుగుతుంది. ఈ సుఖానికి బదులుగా ఇచ్చుకునేది చూపు. పోసిన కాంక్రీటు ఎలా కుదిరిందో కనపడదు. ఇంటి గోడలో ఒక చోట కంకర తేలి ఖాళీలు మిగిలినా గడిచిపోతుంది. నీళ్లు నిలిపే గోడలో గడవదు.

ఇంటి సెల్లార్ గోడకు ఇచ్చిన రాడ్ల పట్టికను పూల్‌కు ఎత్తిరాయడం తరచూ జరిగే తప్పు. సెల్లార్ గోడకు పైన స్లాబ్ పట్టు ఉంటుంది, పూల్ గోడ పైఅంచుకు ఏ పట్టూ ఉండదు. కింద బెడ్‌లో నాటుకుని నిలబడాల్సిందే. పైగా పూల్ నిండుగా ఉంటే నీరు బయటికి నెడుతుంది, ఖాళీ చేస్తే తడిసిన మట్టి లోపలికి నెడుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం. నీటి ఒత్తిడి లోతు మీటరుకు 10 కిలోపాస్కల్స్ చొప్పున పెరిగితే, నీళ్లు నిలిచిన మట్టిది దాదాపు 15 చొప్పున పెరుగుతుంది. నీరు నెట్టినప్పుడు లాగుడు లోపలి ముఖం మీద, మట్టి నెట్టినప్పుడు బయటి ముఖం మీద పడుతుంది. నడిమధ్యన ఒకే వరస రాడ్లు పెడితే రెంటికీ అరకొరే. అందుకే ఈ ఎత్తుకు 150 మిల్లీమీటర్ల కోర్ (పలకల మధ్య కాంక్రీటు మందం) కన్నా 200 మిల్లీమీటర్ల కోర్, రెండు వరసల రాడ్లు మేలు. బెడ్‌లోంచి పైకి లేచే ఎల్ ఆకారపు రాడ్లు 12 ఎంఎం అయితే గోడ రాడ్లతో 600 మిల్లీమీటర్లు జత కలవాలి. ఎంత దూరానికొకటి పెట్టాలో ఆ మట్టిని చూసిన ఇంజనీరే చెప్పాలి.

200 కోర్‌తో మన పూల్‌కు వరసకు 21 దిమ్మెల చొప్పున నాలుగు వరసలు, మూలలు, తరుగు కలిపి 90 దాకా పడతాయి. గోడలకు 8.1 ఘనపు మీటర్లు, 200 మిల్లీమీటర్ల బెడ్‌కు మరో 8.1. అంటే 17 తెప్పించుకోవాలి. మొత్తం బరువు 39 టన్నులు. బయటి కొలతతో అడుగు 40 చదరపు మీటర్లు. కాబట్టి పూల్ ఖాళీగా ఉండగా భూగర్భ నీరు బెడ్ అడుగు నుంచి 96 సెంటీమీటర్లు లేచిందంటే పూల్ పడవలా తేలుతుంది. బయటి థర్మోకోల్ చోటు ఆక్రమిస్తుంది కానీ బరువు ఇవ్వదు, అందుకని ఉత్త కాంక్రీటు పూల్ కన్నా ఇది కాస్త ముందే తేలుతుంది. బెడ్ కింద కంకర, దానిలో పైపు, అడుగు గుంటలో కింది నీటిని లోపలికి వదిలే వాల్వ్ పెట్టడం ఖర్చు తగ్గించుకునే చోటు కాదు.

కాంక్రీటు పోసే రోజు దగ్గరికి వద్దాం. తడి కాంక్రీటు 1.6 మీటర్లు ఒకేసారి నింపితే అడుగున 38 కిలోపాస్కల్స్ ఒత్తిడి పడుతుంది. తర్వాత జీవితాంతం నీరు పెట్టే ఒత్తిడి 16 మాత్రమే. దిమ్మె పగిలేదైతే ఆ రోజే పగులుతుంది, అదీ ఎక్కువగా మూలల్లో, దిమ్మె కోసి అతికిన చోట్ల. ఆ చోట్ల ముందే ప్లైవుడ్ ముక్కలు దిమ్మెలో రెండు పలకలనూ కలిపే ప్లాస్టిక్ పట్టీలకు స్క్రూలతో బిగించాలి. చుట్టూ తిరుగుతూ 80 సెంటీమీటర్ల చొప్పున రెండు విడతల్లో పోయాలి. కంకర 10–12 ఎంఎం, కాంక్రీటు ఎం30, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. జారుడు కావాలంటే నీళ్లు కాదు, ప్లాస్టిసైజర్ అనే మందు కలపాలి. పంపు దగ్గర ఎవరో బకెట్ నీళ్లు గుమ్మరించడంతోనే సగం లీకులు మొదలవుతాయి. సన్న వైబ్రేటర్‌ను కింది పొరలోకి దిగేలా గుచ్చి తీయాలి, ఒకే చోట నిలపకూడదు. అంతా అయ్యాక దారం పట్టి చూసి, గోడకు ఆనించిన ఆధారాలు సరిచేయడానికి అరగంట వ్యవధి ఉంటుంది, అంతే.

మర్నాడు అడుగు వరసలో నాలుగైదు చోట్ల, స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే పెట్టె) కింద, పైపులు గోడ దాటే చోట థర్మోకోల్‌ను అరచేయంత కోసి లోపలికి చూడాలి. కంకర తేలితే అక్కడే పట్టేస్తాం, బాగుంటే ముక్క తిరిగి అతికిస్తాం. ఈ చిన్న పని చాలామంది చేయరు, ఎందుకో తెలియదు. బెడ్‌కూ గోడకూ మధ్య జాయింట్‌లో నీటికి ఉబ్బే పట్టీ పెట్టి ఉంటే, పోయకముందే అది వానకు తడిసి ఉబ్బిందేమో కూడా చూసి ఉండాలి. ముందే ఉబ్బిన పట్టీ పనికిరాదు.

లోపలి పూత విషయంలో నా పక్షపాతం దాచను. పీవీసీ లైనర్ (లోపల పరిచే ప్లాస్టిక్ షీట్) వేసేటట్టయితే లోపలి థర్మోకోల్ ఉంచుకోవచ్చు, కానీ మధ్యలో ఫెల్ట్ గుడ్డ పరచాలి. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలు థర్మోకోల్‌ను కరిగిస్తాయి, లైనర్ గట్టిపడుతుంది. టైల్స్ అయితే థర్మోకోల్ మీద మెష్, పాలిమర్ ప్లాస్టర్ వేసి అతికించే పద్ధతి ఉంది. నీటి కింద అంత బరువు మెత్తటి పలకను నమ్ముకుని ఉండటం నాకు నచ్చదు. టైల్స్ కావాలంటే లోపలి పక్క ప్లైవుడ్ పెట్టి పోసి, విప్పి, కాంక్రీటు మీదే వాటర్‌ప్రూఫింగ్ చేయడం మేలు. కాంక్రీటు కంటికి కనిపిస్తుంది కూడా. బయటి పక్క ద్రావకం ఉన్న తారు పూత పనికిరాదు, థర్మోకోల్ కరిగిపోతుంది. అతికే షీట్ గానీ నీటి ఆధారిత పూత గానీ వాడాలి. చెదలున్న నేలైతే ఆ పలకల వెనక అవి కంటపడకుండా దారి చేసుకుంటాయి, దానికి ముందే మందు వేయించాలి. థర్మోకోల్ రాడ్లను మట్టి నుంచి వేరు చేస్తుంది కాబట్టి ఎర్తింగ్, బాండింగ్ (లోహ భాగాలన్నిటినీ కలిపే) తీగను రాడ్లకు కట్టి పోయకముందే బయటికి తీసి ఉంచాలి.

మట్టి నింపకముందు, టైల్స్ వేయకముందు, కాంక్రీటుకు 28 రోజులు నిండాక నీళ్లు నింపి వారం ఉంచాలి. మెట్టు మీద బకెట్ పెట్టి, బయటి నీటి మట్టానికి సమానంగా దానిలోనూ నీళ్లు పోసి రెంటికీ గుర్తు పెట్టాలి. పూల్ మట్టం బకెట్ కన్నా ఎక్కువ దిగితే అది ఆవిరి కాదు, లీకు. నీరు కాంక్రీటుకూ థర్మోకోల్‌కూ మధ్య పాకి, లీకున్న చోటికి రెండు మూడు మీటర్ల దూరంలో బయటపడుతుంది. అందుకే తడి కనిపించిన చోటల్లా తవ్వకుండా, మట్టం ఎక్కడ దిగడం ఆగిందో చూడాలి. అది స్కిమ్మర్ నోటి దగ్గర ఆగితే స్కిమ్మర్‌నే అనుమానించాలి, లైటు దగ్గర ఆగితే లైటు పెట్టెను. అంతా నిలిస్తే, నీరు ఉండగానే చుట్టూ మట్టి కొద్దికొద్దిగా నింపుకుంటూ రావాలి.