ముందు పేరు మార్చుకోండి, ఆ తర్వాత చూద్దాం

యూరోపియన్ యూనియన్‌లో చేర్చుకోమని ఆగ్నేయ యూరప్‌లోని మాసిడోనియా 2004 మార్చిలో దరఖాస్తు పెట్టింది. ఇరవై ఏళ్లు దాటాయో లేదో, అప్పుడే అక్కడి జనం విసుక్కుంటున్నారు. పట్టుమని 18 లక్షల జనాభా, సముద్రం ఎరగని కొండ నేల, చుట్టూ ఐదు దేశాలు. ఇంత చిన్న దేశానికి ప్రజాస్వామ్యం నేర్పే బరువును 27 దేశాలు భుజాన వేసుకుంటే, కృతజ్ఞతతో తల వంచాల్సింది పోయి, తేదీ ఎప్పుడని అడుగుతున్నారు. ఈ తొందరపాటును ఖండించడానికీ, యూనియన్ నిబంధనల పట్ల నాకున్న అచంచలమైన భక్తిని చాటుకోవడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నిబంధనలంటే 1993లో కోపెన్‌హేగన్‌లో పెద్దలు కూర్చుని తేల్చినవి. నిలకడైన ప్రజాస్వామ్య సంస్థలు ఉండాలి, చట్టం రాజ్యమేలాలి, అల్పసంఖ్యాకులకు రక్షణ ఉండాలి, మార్కెట్ పనిచేయాలి, యూనియన్ చట్టాలను మోయగల సత్తా ఉండాలి. చదువుతుంటే ప్రాణం లేచివస్తుంది. పొరుగు దేశానికి మీ పేరు నచ్చాలన్న షరతు అందులో ఎక్కడా కనబడదు. అచ్చులో జారిపోయి ఉంటుంది. ఆచరణలో మాత్రం దాన్ని ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

గ్రీస్‌లో మాసిడోనియా అనే ప్రాంతం ఉంది. అలెగ్జాండర్ మావాడు, ఆ పేరు మాది, మీరు వాడకూడదని గ్రీస్ పట్టుబట్టింది. దాంతో 1993లో ఐక్యరాజ్య సమితిలో ఈ దేశాన్ని ‘మునుపటి యుగోస్లావ్ మాసిడోనియా రిపబ్లిక్’ అనే తాత్కాలిక నామంతో చేర్చుకున్నారు. ఇంగ్లిష్ అక్షరక్రమంలో ఎం దగ్గర కూర్చోబెడితే గ్రీస్‌కు కోపం, ఎఫ్ దగ్గర కూర్చోబెడితే వీళ్లకు కోపం. చివరికి ముందున్న ‘ది’ని లెక్కలోకి తీసుకుని టి వరసలో, థాయిలాండ్ పక్కన కుర్చీ వేశారు. ఇంతటి సూక్ష్మబుద్ధిని వ్యాకరణవేత్తలు కూడా ప్రదర్శించలేరు. 1994లో గ్రీస్ వాణిజ్యాన్ని దిగ్బంధించింది, 1995లో వీళ్లు జెండా మీది పదహారు కిరణాల సూర్యుణ్ణి దించేశారు. పేరు మాత్రం దిగలేదు.

2005లో అభ్యర్థి హోదా వచ్చింది. 2009లో, ఇక చర్చలు మొదలుపెట్టవచ్చని సాక్షాత్తూ యూరోపియన్ కమిషనే సిఫారసు చేసింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఉండనే ఉంది కదా. ఇక్కడ పూజారులు ఇరవై ఏడుగురు, అందులో ఏ ఒక్కరు తల అడ్డంగా ఊపినా గుడి తలుపు మూతపడుతుంది. అంతకుముందు 2008లో నాటో తలుపు దగ్గరా గ్రీస్ ఇలాగే అడ్డుపడింది. ఆ అడ్డుకోవడం 1995లో రెండు దేశాలూ చేసుకున్న ఒప్పందానికి విరుద్ధమని 2011లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. పదిహేనుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఒక్కరు మరోవైపు. కేసు గెలిచిన దేశం బయటే నిలబడింది. చట్టం రాజ్యమేలాలన్న నిబంధన అభ్యర్థులకే గానీ సభ్యులకు కాదన్న సంగతి గమనించగలరు.

ఇలా తలుపు మూసుకుపోయిన కాలంలో ప్రధాని నికోలా గ్రుయెవ్‌స్కీ తనదైన సంస్కరణ కార్యక్రమం చేపట్టారు. రాజధాని స్కోప్యే నడిబొడ్డున గుర్రమెక్కిన అలెగ్జాండర్‌ను నిలబెట్టారు. అధికారిక నామం మాత్రం ‘అశ్వారూఢ యోధుడు’, ఆయన ఎవరో ఎవరికీ తెలియదన్నమాట. విమానాశ్రయానికీ అలెగ్జాండర్ పేరే, గ్రీస్ వైపు వెళ్లే రహదారికీ ఆయన పేరే. విగ్రహాలు, విజయతోరణాలు, లేని ప్రాచీనతను తెచ్చిపెట్టే స్తంభాల భవనాలు అన్నీ కలిపి ఖర్చు 60 కోట్ల యూరోలు దాటిందని పరిశోధక విలేఖరులు లెక్కగట్టారు. 2015లో, దాదాపు 20,000 మంది ఫోన్లు ప్రభుత్వం దొంగచాటుగా విన్నదని ప్రతిపక్షం టేపులు బయటపెట్టింది. ప్రజల గొంతు వినే ప్రభుత్వం అంటే ఇదే అని ఎవరూ మెచ్చుకోలేదు సరికదా, 2016లో వీధుల్లోకి వచ్చి ఆ ధవళ భవనాల మీద రంగులు చల్లారు. నాకైతే రంగులు పడ్డాకే అవి కాస్త చూడబుద్ధయ్యాయి.

తర్వాత వచ్చిన జోరన్ జాయెవ్‌ది మరీ అమాయకత్వం. 2017 ఏప్రిల్‌లో గుంపు పార్లమెంటులోకి దూసుకొచ్చి కొడితే నెత్తురోడుతూ బయటపడిన మనిషి, నెల దాటగానే ప్రధాని అయ్యి, యూనియన్ చెప్పిందల్లా నిజంగానే చేయాలనుకున్నారు. 2018 జూన్‌లో ప్రెస్పా సరస్సు ఒడ్డున గ్రీస్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇకమీదట దేశం పేరు ఉత్తర మాసిడోనియా. ఆ సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటర్లను అడిగిన ప్రశ్నను రాజనీతి విద్యార్థులు కంఠస్థం చేయాలి. గ్రీస్‌తో ఒప్పందాన్ని అంగీకరిస్తూ యూరోపియన్ యూనియన్, నాటో సభ్యత్వానికి మీరు అనుకూలమేనా? పేరు మార్పు గురించిన ప్రశ్నలో పేరు లేదు, మార్పు లేదు. ఓటేసినవారిలో తొంభై శాతానికి పైగా ఔనన్నారు. ఓటేసిందే 37 శాతం మంది. అయినా 2019 జనవరిలో 120 మంది సభ్యుల పార్లమెంటులో 81 ఓట్లతో రాజ్యాంగాన్ని సవరించారు. అవసరమైనవి 80.

ఆ తర్వాతి పనులన్నీ చకచకా జరిగాయి. విమానాశ్రయం పేరు ముందే తీసేశారు, రహదారి పేరు కూడా అప్పుడే ‘మైత్రి’ అయింది. గుర్రమెక్కిన యోధుడి దగ్గర ఇది ప్రాచీన గ్రీకు నాగరికతకు చెందినదని పలక బిగించారు. వాహనాల నంబరు ప్లేట్ల మీద ఎంకే పోయి ఎన్‌ఎంకే వచ్చింది. ప్లేటు మీద ఒక్క అక్షరం మారితే ఎంత గొడవో, టీఎస్ పోయి టీజీ వచ్చిన తెలంగాణవారికి వేరే చెప్పనక్కర్లేదు.

ఇంత చేశాక, 2019 అక్టోబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ వద్దన్నారు. మాసిడోనియాలో ఇంకేదో సంస్కరణ మిగిలిపోయిందని మాత్రమే కాదు, అసలు చేర్చుకునే పద్ధతినే సంస్కరించాలట. చారిత్రక తప్పిదమని కమిషన్ అధ్యక్షుడు యుంకర్ వాపోయారు. పెద్దల మధ్య మాటలు మనకెందుకు? పద్ధతి సంస్కరణ జరిగింది. చర్చించాల్సిన విడివిడి అధ్యాయాలను ఆరు కట్టలుగా కట్టారు. 2020 మార్చిలో నాటో చేర్చుకుంది, అదే నెలలో యూనియన్ కూడా చర్చలకు సరేనంది. అప్పుడు, అంటే నవంబరులో, బల్గేరియా చెయ్యెత్తింది.

బల్గేరియా వాదన గ్రీస్ వాదనంత చిన్నది కాదు. 1992లో ఈ దేశ స్వాతంత్ర్యాన్ని అందరికంటే ముందు గుర్తించింది బల్గేరియానే. దేశాన్ని గుర్తించింది గానీ, భాష ఉందని ఒప్పుకోదు. మాసిడోనియన్ అనే భాష లేదు, అది బల్గేరియన్‌లో ఒక మాండలికం అంటుంది. విప్లవవీరుడు గోత్సే దెల్చెవ్ తమవాడేనంటుంది. ఆ దెల్చెవ్ పుట్టిన ఊరు ఇప్పుడు గ్రీస్‌లో ఉంది. ఆయన అస్థికలను 1946లో స్కోప్యేకు పంపింది బల్గేరియానే. ఎవరివాడో తేల్చడానికి రెండు దేశాల చరిత్రకారులతో సంఘం వేశారు. 1903లో చనిపోయిన వ్యక్తి జాతీయత తేలితే తప్ప 2020ల నాటి న్యాయవ్యవస్థ సంస్కరణ మీద చర్చ ఎలా మొదలవుతుంది చెప్పండి?

2022లో ఫ్రాన్స్ రాజీ కుదిర్చింది. జూలైలో తొలి సమావేశం జరిగింది, ఫొటోలు దిగారు. అసలు చర్చలు మాత్రం, రాజ్యాంగంలో బల్గేరియన్లను ప్రస్తావించాకే. 2021 జనగణనలో తాము బల్గేరియన్లమని చెప్పుకున్నవారు 3,504 మంది. దీనికి మళ్లీ 80 ఓట్లు కావాలి. ఈసారి దొరకలేదు. బల్గేరియా సంగతా? 2021 నుంచి 2024 లోపు ఏడుసార్లు పార్లమెంటు ఎన్నికలు జరుపుకుంది. స్థిరమైన సంస్థలు అన్న కోపెన్‌హేగన్ నిబంధనను ఆ దేశం ఎంత శ్రద్ధగా సాధన చేస్తోందో చూడండి.

ఇక గ్రుయెవ్‌స్కీ. ఖరీదైన మెర్సిడెస్ కారు కొనుగోలులో అక్రమాలకు ఆయనకు రెండేళ్ల జైలు పడింది. 2018 నవంబరులో జైలుకు వెళ్లాల్సిన సమయానికి ఆయన హంగరీలో తేలారు. సరిహద్దు దాటడానికి ఎక్కింది హంగరీ రాయబార కార్యాలయం వాహనమని అల్బేనియా పోలీసులు చెప్పారు. హంగరీ ఆశ్రయమిచ్చింది. హంగరీ యూనియన్ సభ్య దేశం. ఈ ఒక్క దరఖాస్తు మీద కమిషన్ నివేదికలు లేవు, ఆరు కట్టలు లేవు, ఏ పొరుగువాడి అభ్యంతరమూ లేదు. దేశం చేరలేకపోయిన చోటికి దాన్ని చెడగొట్టినందుకు శిక్షపడ్డ మనిషి వారాల్లో చేరిపోయారు.

జాయెవ్ 2022 ఆరంభంలో దిగిపోయారు. 2024లో విగ్రహాల పార్టీ మళ్లీ గెలిచింది. కొత్త అధ్యక్షురాలు ప్రమాణ స్వీకారంలో దేశాన్ని మాసిడోనియా అనే పిలిచారు, గ్రీస్ రాయబారి లేచి వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ జంటగా నడిపించిన అల్బేనియాను ఆ ఏడే యూనియన్ విడదీసి ముందుకు పంపింది. 2024 అక్టోబరు 15న దానికి తొలి కట్ట విప్పారు.

జనం మాత్రం దేశం కోసం ఆగలేదు. 2002లో 20 లక్షలు దాటిన జనాభా 2021 నాటికి 18,36,713కు దిగింది. వేలమంది, తమ పూర్వీకులు బల్గేరియన్లని కాగితం రాసిచ్చి ఆ దేశ పాస్‌పోర్టు పుచ్చుకుని, యూనియన్‌లో సభ్యులైపోయారు. ఒక్కొక్కరుగా వస్తే అభ్యంతరం లేదన్నమాట, అందరూ కలిసి వస్తేనే ఇబ్బంది.

కనుక స్కోప్యే ప్రభుత్వానికి నాదొక సవినయ సూచన. ఈ సవరణ ఎలాగైనా చేసేయండి, కానీ రాజ్యాంగ పీఠికలో ఇప్పుడే ఓ నాలుగైదు ఖాళీ గీతలు కూడా వదలండి. మీకంటే ముందు అల్బేనియా చేరితే దానికీ వీటో వస్తుంది, సెర్బియా చేరితే దానికీ వస్తుంది. ఎవరికి ఏ అభ్యంతరం గుర్తొస్తే దాన్ని ఆ గీత మీద రాసుకోవచ్చు. ప్రతిసారీ ఆ ఎనభై ఓట్ల కోసం వెతుక్కునే శ్రమ తప్పుతుంది.