మందుల దుష్ప్రభావాలు: హారం లేని లెక్క

రక్తపోటుకు ఎనాలాప్రిల్ వాడుతున్న పుత్తూరు రైతుకు నెల తిరిగేసరికి పొడి దగ్గు పట్టుకుంటే, అది మాత్ర వల్లేనేమోనని అనుమానించేవారి కన్నా దగ్గు మందు సీసా చేతిలో పెట్టేవారే ఎక్కువ. ఆ దగ్గు ఈ మందుకు బాగా తెలిసిన దుష్ప్రభావమే అయినా, దుష్ప్రభావాలను నమోదు చేసే ఏ ఫారంలోకీ ఎక్కదు. ఎక్కినా, ఆ మాత్రను ఎందరు వాడుతున్నారో తెలియనిదే ఎందరిలో ఒకరికి దగ్గు వస్తోందో చెప్పలేం. లవం (దుష్ప్రభావం వచ్చినవారి సంఖ్య) అరకొరగా ఉండి, హారం (మందు వాడేవారి సంఖ్య) అసలే లేని ఈ లెక్కను సరిదిద్దే పని తిరుపతిలోనే మొదలు కావాలని మేము కోరుతున్నాం.

మందు అమ్మకానికి రాకముందు జరిగే పరీక్షల్లో పాల్గొనేది సాధారణంగా కొన్ని వేల మందే. 3,000 మందిలో ఒక్కరికీ ఫలానా హాని కనబడకపోతే, అది వెయ్యి మందిలో ఒకరికి మించి రాదని మాత్రమే 95 శాతం నమ్మకంతో అనగలం. పదివేల మందిలో ఒకరికి కాలేయం దెబ్బతీసే మందు ఆ పరీక్షను దాటి వచ్చేయగలదు.

మందుల దుష్ప్రభావాలపై నిఘా పెట్టేందుకు 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఇప్పుడు ఘాజియాబాద్‌లోని భారత ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. అక్కడి నివేదికలు ప్రపంచ దేశాల నివేదికలను కూడగట్టే స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రానికీ చేరతాయి. ఒక మందుపై వచ్చిన మొత్తం నివేదికల్లో ఒక లక్షణం వాటా ఎంత, మిగతా మందుల నివేదికల్లో దాని వాటా ఎంత అని గణాంకవేత్తలు పోలుస్తారు. వాటా రెట్టింపు దాటి, కనీసం మూడు కేసులుండి, అది కాకతాళీయం కాదని కై-వర్గ పరీక్ష అనే గణాంక పద్ధతి చెబితే హెచ్చరికగా తీసుకోవడం ఒక వాడుక. అది తీర్పు కాదు, విచారణకు నాంది మాత్రమే. ఒక మందుపై పత్రికల్లో వార్త వస్తే చాలు, దానిపై నివేదికలు పెరుగుతాయి. మా పత్రికా వృత్తికి సంబంధించిన విషయం గనుక దీన్ని ప్రత్యేకంగా గుర్తు చేస్తున్నాం.

గుండెపోటు వంటి సాధారణ జబ్బుల విషయంలో చిక్కు మరింత పెద్దది. కీళ్ల నొప్పుల మాత్ర రోఫెకాక్సిబ్ వాడిన పెద్ద వయసు రోగికి గుండెపోటు వస్తే ఏ వైద్యుడికైనా అది వయసు ప్రభావంగానే తోస్తుంది. వాడినవారినీ వాడనివారినీ గుంపులుగా పోల్చినప్పుడే ముప్పు తేలింది. 2004లో ఆ మందును ప్రపంచమంతటా ఉపసంహరించారు.

తిరుపతి పెద్దాసుపత్రులకు రాయలసీమ నలుమూలల నుంచీ, తమిళనాడు సరిహద్దు ఊళ్ల నుంచీ రోగులు వస్తారు. తరువాత తమ ఊళ్లోనే మందు కొనుక్కుంటారు. అందుకే ఓపీ చీటీపై మందు మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ తప్పక రాయాలి. ఆ తేదీలుంటే అదే రోగి మందు వాడిన రోజులను వాడని రోజులతో పోల్చే పద్ధతి ఉంది. వంశపారంపర్యం వంటి, కాలంతో మారని తేడాలు అందులో అడ్డురావు. ఫార్మసీలో ఇచ్చిన మాత్రల వివరాలను పేర్లు తొలగించి వైద్య కళాశాలల గణాంక నిపుణులకు అందజేయాలి. రోగులు స్వయంగా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చన్న సంగతిని ప్రతి మందుల కౌంటర్ వద్దా తెలుగులోనూ తమిళంలోనూ రాసి పెట్టాలి.