నొప్పి లేని ముప్పు

కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలను పరీక్షించిన వైద్యులు 1953లో తమ ఫలితాలను ప్రచురించారు. ఆ సైనికుల సగటు వయసు 22 ఏళ్లు. యుద్ధానికి పనికొస్తారని తేల్చి పంపిన కుర్రాళ్లు. అయినా వారిలో 77 శాతం మంది గుండె ధమనుల్లో జబ్బు ఆనవాళ్లు కంటికి కనిపించాయి. కొందరిలో గోడ కాస్త మందమెక్కింది, కొందరిలో రక్తం పారే దారే మూసుకుపోయింది. ఇది బయటపడి ఏడు దశాబ్దాలు దాటినా, ఛాతీలో ఇబ్బందిగా ఉందని ఎవరైనా చెబితే తప్ప పరీక్షల ఊసెత్తని అలవాటు ఇంకా పోలేదు. అసలు లోపం ఇక్కడే ఉందని మేం భావిస్తున్నాం.

ఈ జబ్బు పేరు అథెరోస్క్లెరోసిస్. పైపులో పాచి పట్టినట్టు రక్తనాళంలో కొవ్వు పేరుకుపోవడమే ఇదని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. ధమని లోపలి పొర ఒకే ఒక్క కణం మందాన ఉంటుంది. ఎల్‌డీఎల్ అనే కొలెస్ట్రాల్ రేణువులు ఆ పొరను దాటి గోడలోకి చొరబడి అక్కడే చిక్కుకుపోతాయి. వాటిని శుభ్రం చేయడానికి వచ్చిన తెల్లరక్తకణాలు కొవ్వును మింగి మింగి ఉబ్బిపోయి, చివరికి అక్కడే చనిపోతాయి. ఆ చెత్త మీద నారలాంటి మూత ఒకటి ఏర్పడుతుంది. పూడిక పెరిగేకొద్దీ ధమని బయటి వైపుకు సాగి దారిని కాపాడుకుంటుంది కాబట్టి ఏళ్ల తరబడి ఏ బాధా తెలియదు. ఒకరోజు ఆ మూత చిట్లుతుంది. అక్కడ రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. సగం కూడా పూడని చోట గుండెపోటు రావడం, మొన్న ట్రెడ్‌మిల్ పరీక్షలో పాసైన మనిషి ఇవాళ ఐసీయూలో ఉండటం ఇందువల్లే.

కారణాలు తెలియని జబ్బు కాదిది. మసాచుసెట్స్‌లోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన అధ్యయనం అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగతాగడం వంటి వాటిని ఒక్కొక్కటిగా గుర్తించింది. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం మరింత తేల్చి చెప్పింది. తొలి గుండెపోటు ముప్పులో 90 శాతానికి పైగా తొమ్మిది అంశాలతోనే ముడిపడి ఉంది: కొలెస్ట్రాల్ తేడాలు, పొగ, షుగర్, బీపీ, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, పళ్లు కూరగాయలు తక్కువ తినడం, మద్యం అలవాటు, శరీరశ్రమ లేకపోవడం. అన్నీ కొలవగలిగినవి, చాలావరకు మార్చుకోగలిగినవే.

తెలిసి కూడా మనం లెక్కలోకి తీసుకోనిది కాలం. ఎల్‌డీఎల్ ఇవాళ ఎంత ఉందన్నదొక్కటే చూస్తే చాలదు, అది ఎన్నేళ్లుగా అలా ఉందన్నదీ చూడాలి. 2006లో అమెరికా పరిశోధకులు ప్రచురించిన ఫలితాలు దీన్ని కళ్లకు కట్టాయి. పీసీఎస్‌కే9 అనే జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉన్న నల్లజాతీయుల్లో ఎల్‌డీఎల్ సగటున డెసిలీటరు రక్తంలో 138 మిల్లీగ్రాముల బదులు 100 ఉంది. అంటే 28 శాతం తక్కువ. గుండె ధమనుల జబ్బు ముప్పు మాత్రం 88 శాతం తగ్గింది! ఇంచుమించు అంతే ఎల్‌డీఎల్‌ను నడివయసు దాటాక స్టాటిన్ మాత్రలతో కొన్నేళ్లు తగ్గిస్తే ముప్పు ఐదో వంతు మేర తగ్గుతుంది. మాత్రలు పనికిరావని దీనర్థం కాదు. అవి లక్షల ప్రాణాలు కాపాడాయి, వైద్యుడు రాసినవాటిని ఎవరూ సొంతంగా మానేయకూడదు. కానీ ఆ రెండు అంకెల మధ్య ఉన్న తేడా అంతా ఆలస్యానికి మనం చెల్లిస్తున్న మూల్యం.

బీపీ విషయంలోనూ గీత దాటితేనే ప్రమాదం అనుకోవడం సరికాదు. దాదాపు పది లక్షల మంది వివరాలను విశ్లేషించి 2002లో వెలువరించిన పరిశోధన ప్రకారం, 40 నుంచి 69 ఏళ్లవారిలో పై అంకె 115 నుంచి మొదలుకొని ప్రతి 20 పెరిగినప్పుడల్లా గుండెజబ్బుతో చనిపోయే ముప్పు రెట్టింపవుతుంది. కొలిచే తీరు కూడా ముఖ్యమే. మెట్లెక్కి వచ్చినవారిని అలాగే కూర్చోబెట్టి, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి, మాట్లాడుతూ తీసిన బీపీని నమ్మలేం. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, వీపుకు ఆసరా ఉండాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి. ఈపాటి ఓపిక ప్రతి క్లినిక్‌లోనూ ఉండాలని కోరడం అత్యాశ కాదు. పొగ సంగతి కొత్తగా చెప్పేదేమీ లేదు. తాగేవారి పక్కన కూర్చున్నవారి ధమనులనూ అది వదలదు. మానేసిన ఏడాదికే గుండెజబ్బు ముప్పు తాగుతున్నవారితో పోలిస్తే సగానికి వస్తుందన్నది మాత్రం ఇంకా చాలామందికి చేరని శుభవార్త. ఇవన్నీ విడివిడిగా ఉండవు. కాస్త బీపీ, కాస్త షుగర్, రోజుకు నాలుగు సిగరెట్లు అని ఒక్కోదాన్ని తేలిగ్గా తీసుకునే మనిషిలో అవి ఒకదానికొకటి తోడై ముప్పును పెంచుతాయి.

మన చేతిలో లేనివీ ఉన్నాయి. ప్రాచీన కాలం నాటి 137 మమ్మీలను సీటీ స్కాన్ చేసి 2013లో ఇచ్చిన నివేదికలో 34 శాతం మమ్మీల ధమనుల్లో ఈ జబ్బు జాడలు కనిపించాయి. వయసు, వంశం ఎవరినీ వదలవు. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్లలోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే ఆ ఇంట్లో అందరూ జాగ్రత్తపడాలి. పుట్టుకతోనే ఎల్‌డీఎల్ విపరీతంగా ఉండే వంశపారంపర్య సమస్య సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుంది. వారిలో అత్యధికులకు ఆ సంగతే తెలియదు. ఆడవాళ్లకు గుండెజబ్బులు రావన్న అపోహ మరీ ప్రమాదకరం. గర్భిణిగా ఉన్నప్పుడు బీపీ లేదా షుగర్ వచ్చినవారికి, నెలసరి తొందరగా ఆగిపోయినవారికి ముప్పు ఎక్కువ. కాన్పు అయిపోయింది, బీపీ తగ్గింది అనుకుని ఆ ఫైలును అటకెక్కించడం వల్ల ఎందరో తల్లులు నష్టపోతున్నారు.

వైద్యులు వాడే ముప్పు అంచనాల్లో చాలావరకు వచ్చే పదేళ్లనే లెక్కిస్తాయి. వాటిలో వయసుకే పెద్దపీట కాబట్టి ముప్పై ఏళ్ల యువకుడికి ఎన్ని సమస్యలున్నా 'ముప్పు తక్కువ' అనే వస్తుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2023లో తెచ్చిన కొత్త విధానం 30 ఏళ్ల ముప్పును కూడా లెక్కగడుతోంది. ఆ దారిలో అందరూ నడవాలి. ఇరవై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ పరీక్షలు ప్రభుత్వ ఖర్చుతోనే జరగాలి. లైపోప్రోటీన్-ఏ అనే మరో రకం కొలెస్ట్రాల్ రేణువుల మోతాదు చాలామటుకు వంశం నుంచే వస్తుంది, దాని పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించాలి. ఆహారంలో ట్రాన్స్ ఫ్యాట్‌లనే హానికర కొవ్వుల మీద ఆంక్షలు, పొగాకు మీద పన్ను కాగితాలకే పరిమితం కాకూడదు. వీటన్నిటికన్నా తేలికైన పని ఆసుపత్రుల చేతుల్లోనే ఉంది. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో మందుల కిందే మరో వాక్యం చేర్చాలి: ఈ రోగి పిల్లలకు, తోబుట్టువులకు ఫలానా పరీక్షలు ఈ నెలలోనే చేయించాలని.