స్పార్టా డాలు మోసిందెవరు?

2021 జనవరి 6న అమెరికా కాపిటల్ భవనం మీద పడిన గుంపులో గ్రీకు శిరస్త్రాణాలు కనిపించాయి. జెండాల మీద ‘మోలోన్ లబే’ అని ఉంది. ‘వచ్చి తీసుకో’ అని అర్థం. క్రీ.పూ. 480లో థర్మోపిలే కనుమ దగ్గర, ఆయుధాలు అప్పగించమన్న పర్షియా చక్రవర్తి జెర్క్సీస్‌కు గ్రీకు నగరం స్పార్టా రాజు లియోనిడాస్ ఇచ్చిన జవాబట. ‘అట’ అనక తప్పదు. ఆ యుద్ధాన్ని పూసగుచ్చినట్టు చెప్పిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఈ మాట ఎత్తనేలేదు. ఐదు శతాబ్దాలు గడిచాక గ్రీకు రచయిత ప్లూటార్క్ పేరిట వచ్చిన సూక్తుల్లో అది దొరుకుతుంది.

అమెరికా ఒక్కటే కాదు. 2020లో ఏథెన్స్ కోర్టు నేరస్థ ముఠాగా తేల్చిన గ్రీసు నియో నాజీ పార్టీ ‘గోల్డెన్ డాన్’ థర్మోపిలేలోనే కాగడాలు పట్టి సభలు పెట్టేది. 1943 జనవరిలో స్టాలిన్‌గ్రాడ్‌లో చిక్కుకున్న జర్మన్ సైనికులకు నాజీ వైమానిక దళాధిపతి గోరింగ్ రేడియోలో వినిపించిందీ థర్మోపిలేలో చివరిదాకా పోరాడి చచ్చిన స్పార్టన్ల కథే. విమానాల్లో తిండి చేరవేస్తానని మాట ఇచ్చి, చివరికి పురాణం పంపాడు.

ప్రాచీనుల నుంచి అరువు తెచ్చుకోనిదెవరు, సెనేట్ అనే పేరు రోమ్‌ది కాదా అని అడిగేవారున్నారు. నిజమే. కానీ పేరు తెచ్చుకోవడం వేరు, వంశవృక్షం అల్లుకోవడం వేరు.

పైగా అల్లుకున్నది ఎవరితో? తూర్పు నుంచి వచ్చిన శత్రువును అడ్డుకున్న స్పార్టాతోనట! అదే స్పార్టా పర్షియా బంగారంతో నౌకలు కట్టి, క్రీ.పూ. 404లో సాటి గ్రీకు నగరం ఏథెన్స్‌ను లొంగదీసింది. మరో రెండు దశాబ్దాలలోపే ఆసియా తీరంలోని గ్రీకు నగరాలను పర్షియా చక్రవర్తికి వదిలేస్తూ సంధి చేసుకుంది.

నన్ను ఎక్కువగా తొలిచేది మాత్రం ఇంకొకటి. ఆ వీరులకు తిండి పండించిందెవరు? హెలాట్లు, అంటే స్పార్టా చెరబట్టిన రైతులు. పాలకులైన ఎఫోర్లు ఏటా పదవిలోకి రాగానే వాళ్ల మీద యుద్ధం ప్రకటించేవారు, చంపినా పాపం అంటకుండా. థర్మోపిలే తర్వాతి ఏడాది పర్షియాతోనే జరిగిన ప్లాటియా యుద్ధంలో ఒక్కో స్పార్టన్ వెంట ఏడుగురు హెలాట్లు నడిచారని హెరొడోటస్ లెక్క. థర్మోపిలేలోనూ వాళ్లున్నారు, చచ్చారు. యుద్ధం ముగిశాక జెర్క్సీస్ తన నావికులను పిలిచి గ్రీకుల శవాలు చూపించాడు. వాటిలో హెలాట్లవీ ఉన్నాయి. చూసినవాళ్లు మాత్రం అందరూ స్పార్టా, దాని పక్కన నిలిచి పోరాడిన థెస్పియా నగర వీరులే అనుకుని వెళ్లారు.