పచ్చ స్టిక్కర్ అంటించేస్తే అయిపోద్దా?

పొద్దున్న ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర టీ తాగుతూ మా బావతో గొడవైంది. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది. ఫోన్లో ఎవరో పంపిన పాత భూకంపం వీడియో చూపించి, "మొదటి ఊపుకి నిలబడిందంటే ఇంక ఆ ఇంటికి ఏటీ అవదు బావా" అన్నాడు. చేసేది బిల్డింగ్ కాంట్రాక్టు! ఈయన కట్టిన అపార్ట్‌మెంట్లలో జనం కళ్లు మూసుకుని నిద్రపోతున్నారు పాపం.

ఏటీ అవదా? నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. అప్పుడు బీటలిచ్చి ఎలాగో నిలబడ్డ ఇళ్లు మే 12న 7.3 వచ్చేసరికి కూలాయి. టర్కీలో 2023 ఫిబ్రవరి 6న 7.8 వచ్చిన తొమ్మిది గంటలకే 7.5 వచ్చింది. ఇనప తీగని చేత్తో అటూ ఇటూ వంచి చూడండి. మొదటిసారి విరగదు, రెండోసారీ విరగదు, తర్వాత ఎప్పుడో టక్కుమంటుంది. పిల్లర్లో ఊచలూ అంతే. పైన గచ్చు మీద వెంట్రుకంత పగులు వేరు, పిల్లర్‌కి ఏటవాలుగా పడ్డ బీట వేరు. ఈ తేడా కాంట్రాక్టరుకి నేను చెప్పాలా?

అసలు ఒళ్లు మండేది న్యూజిలాండ్ సంగతికి. క్రైస్ట్‌చర్చ్ దగ్గర 2010 సెప్టెంబరులో 7.1 వచ్చింది, ఊరు గట్టెక్కింది. 2011 ఫిబ్రవరిలో వచ్చింది 6.3 మాత్రమే, కానీ ఊరి పక్కనే, తక్కువ లోతులో. 185 మంది పోయారు. అందులో 115 మంది ఒక్క సీటీవీ అనే టీవీ ఛానెల్ భవనంలోనే. సెప్టెంబరు కుదుపు తర్వాత చూసి, వాడుకోవచ్చని పచ్చ స్టిక్కర్ అంటించిన భవనమది! పెద్ద కుదుపు మళ్లీ వస్తే పాత స్టిక్కర్ చెల్లదు, మళ్లీ లోపలికెళ్లి దూలం, పిల్లర్ కలిసే చోటు చూడాల్సిందే.

దానికి బావ జవాబు, "మనకి భూకంపాలెక్కడివి బావా, తుపాన్లు తప్ప."

సరే, తుపానే మాట్లాడుకుందాం. 2018 అక్టోబరు 11, తిత్లీ. ఉద్దానంలో మా అమ్మ ఇంటి పడమటి గోడ నిలువునా చీలింది. నష్టం రాసుకోడానికొచ్చినతను బండి దిగలేదు. అమ్మ పగుల్లోకి రూపాయి బిళ్ల దూర్చి చూపించింది, బిళ్ల మొత్తం లోపలికి జారిపోయింది. అతను పెన్ను మూత పళ్లతో కొరుకుతూ "గోడ నిలబడే ఉంది కదమ్మా" అని "పాక్షికం" రాసుకుని పోయాడు. బావకీ వాడికీ ఏటి తేడా?

నాలుగో రోజు వానకి గోడ పడింది. అదృష్టం, అమ్మ పెరట్లో ఉంది. మళ్లీ చూడండని ఎన్నిసార్లు తిరిగామో! ఒకసారి రాసేశాక మార్చడం కుదరదట. ఆ కాగితంలో మా ఇల్లు ఇప్పటికీ పాక్షికమే.