మూడు తూటాల ముచ్చట

ఈసారి మన ప్రవాస సంఘం క్రీడోత్సవంలో మొదటిసారి రైఫిల్ షూటింగ్ పెట్టారు. వచ్చినవాళ్ళకు ఎలాగూ తెలుసు, రానివాళ్ళు ఫొటోలు చూసే ఉంటారు. ఫొటోల్లో లేని సంగతి ఒకటి ఉంది. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది కాబట్టి ఈ వ్యాసం.

పన్నెండో వరుసలో పద్నాలుగేళ్ళ అమ్మాయి పడుకుని కాలుస్తోంది. క్లబ్బు అరువిచ్చిన పాయింట్ టూ టూ (0.22 అంగుళాల సన్నని గొట్టం ఉన్న) రైఫిల్, 50 మీటర్ల దూరం, ఐదు తూటాలు. పర్యవేక్షకుడిగా నేను ఆమె వెనకే ఉన్నాను. రైఫిలు మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, ఆమె చేతికి పొడుగు. దాన్ని అందుకోవడానికి కొంగలా మెడ చాచాల్సి వస్తోంది, చెంప చెక్క మీద సరిగా ఆనడం లేదు. నాలుగు కాల్చింది. ఐదోది పేలిన మరుక్షణం, దూరదర్శినిలో కన్ను పెట్టకముందే, "చివరిది నాదే తప్పు అంకుల్, ట్రిగ్గర్ లాగేశాను. కుడివైపు కిందికి పోయి ఉంటుంది" అంది.

కాగితం తెచ్చి చూశాం. నాలుగు రంధ్రాలు 14 మిల్లీమీటర్లలో ఒద్దికగా ఉన్నాయి. ఐదోది గడియారంలో నాలుగు గంటలు ఉండే చోట, ఆమె చెప్పిన వైపే, విడిగా ఉంది. ఐదింటినీ కలిపి ఈ చివరి నుంచి ఆ చివరికి కొలిస్తే 31 మిల్లీమీటర్లు.

నేను నోరు తెరిచేలోపే మన సభ్యులొకరు ఫోను తీశారు. మూడు తూటాలు ఒకే రంధ్రంలా కలిసిపోయిన ఫొటో, పక్కన నాణెం. "అమ్మా, గురి అంటే ఇలా ఉండాలి. ఆ తుపాకీతో నువ్వెంత కాల్చినా ఇంతే" అన్నారు. చుట్టూ పదిమంది ఉన్నారు, నలుగురు నవ్వారు. ఫొటోలోది ఎంత దూరమో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అడగకపోవడం నా తప్పే. ఆ అమ్మాయి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఆయన చెడ్డవారు కాదు. మన సంఘంలో కుర్చీలు మోయడానికి ముందుండే మనిషి. వచ్చే సర్వసభ్య సమావేశానికి "పిల్లల కోసం అర అంగుళం గ్యారంటీ ఉన్న రైఫిలు ఒకటి కొనాలి" అన్న ప్రతిపాదన పంపింది కూడా ఆయనే. తూటాలన్నీ అర అంగుళం వెడల్పులోనే పడతాయని కంపెనీ ఇచ్చే హామీ అది. పిల్లల మీద ప్రేమతోనే పంపారు. ఆ ప్రతిపాదన గురించే నా గొడవ.

ముందు ఆయన వైపు న్యాయం చెబుతాను. పనికిమాలిన తుపాకి నేర్చుకునేవాడికి శత్రువు. తూటా పక్కకు పోయినప్పుడు తప్పు తనదో తుపాకీదో తెలియకపోతే పిల్ల దేన్ని దిద్దుకుంటుంది? పది తూటాలను గుప్పెడంత వెడల్పున చల్లే రైఫిలుతో శ్వాస, చూపు, వేలు ఎంత సాధన చేసినా ఫలితం కాగితం మీద కనిపించదు. కాబట్టి తుపాకి నుంచి కొంత కచ్చితత్వం ఆశించాలి, తప్పదు. ఎంత ఆశించాలి, దాన్ని ఎలా కొలవాలి అన్న దగ్గరే మనం మోసపోతున్నాం.

ఎలా మోసపోతామో చెప్పడానికి నాకంటే అర్హుడు లేడు.

నా మొదటి పాయింట్ టూ టూ కూడా గ్యారంటీ ఉన్నదే. కొన్న మొదటి ఆదివారం మూడు తూటాలు ఒకదాన్నొకటి తాకుతూ పడ్డాయి. ఆ ముక్కను బ్లేడుతో కత్తిరించి, ప్లాస్టిక్ తొడిగించి పర్సులో పెట్టుకున్నాను. కనిపించినవాళ్ళందరికీ చూపించాను. పెళ్ళిఫొటో కూడా అన్నిసార్లు చూపించి ఉండను. అదే రోజు కాల్చిన మిగతా ఏడు కాగితాలను చెత్తబుట్టలో వేశాను. వాటిలో "గాలి వీచింది", "చెయ్యి కదిలింది", "గొట్టం ఇంకా కుదురుకోలేదు". సాకులు అన్నింటికీ ఉన్నాయి. బాగా పడ్డ మూడింటికి మాత్రం సాకు వెతకలేదు.

నెల తిరిగేసరికి రంధ్రాలు 40 మిల్లీమీటర్లకు చెల్లాచెదరయ్యాయి. తూటాలను అనుమానించాను. ఒకే పొద్దున ఐదు రకాలు మార్చాను. సీసపు తూటాకు పూసిన మైనం గొట్టంలో పొరగా పడుతుందని, రకం మార్చినప్పుడల్లా పది పదిహేను కాలిస్తే గాని గొట్టం ఆ కొత్త పూతకు అలవాటు పడదని అప్పటికి నాకు తెలియదు. తరువాత గురిచూసే స్కోపును అనుమానించి మార్చాను. ఆ తరువాత గొట్టాన్ని అనుమానించి, లోపల అద్దంలా మెరిసేదాకా తోమాను. చివరికి రైఫిలే చచ్చుదని తీర్పు చెప్పి మిత్రుడొకరికి వచ్చినదానికి ఇచ్చేశాను.

ఆయన ఇంటికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, నా ముందే స్క్రూడ్రైవర్ తీశారు. చెక్కకూ గొట్టం బిగించిన యంత్రభాగానికీ మధ్య ముందువైపు ఒక స్క్రూ ఉంటుంది. అది చుట్టులో సగానికి పైగా తిరిగింది. చేతికి తగిలేంత వదులు. ఆ తరువాతి ఆదివారం ఆయన పది తూటాలు కాల్చారు, 17 మిల్లీమీటర్లు. "మీరూ కాల్చండి" అని నా చేతికిచ్చారు. నాకు 21 వచ్చింది. ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే తేలికపడేవాడిని. తిరిగి అమ్మమని రెండుసార్లు అడిగాను, అమ్మలేదు.

మూడు తూటాలు ఎందుకు అబద్ధం చెబుతాయో చూడండి. ప్రతి తూటా తాను చెదిరే పరిధిలో ఎక్కడో ఒకచోట పడుతుంది. ఎన్ని ఎక్కువ కాలిస్తే అంచుదాకా వెళ్ళేది దొరికే అవకాశం అంత ఎక్కువ. మూడేసి తూటాల గుంపులు సగటున 10 మిల్లీమీటర్లు వచ్చే రైఫిలు, ఐదేసికి దాదాపు 13, పదేసికి 16 చూపిస్తుంది. తుపాకి మారలేదు, తూటాలు మారలేదు, కాల్చే మనిషీ మారలేదు. పైగా ఇవి సగటులు. విడిగా తీస్తే మూడింటి గుంపు ఒకసారి 4 రావచ్చు, ఇంకోసారి 18. ఆ 4ను ఫొటో తీసి 18ని పారేస్తే, ఫోనులో ఉన్నది ఒక మంచి మధ్యాహ్నం మాత్రమే.

గ్యారంటీ కాగితాలు కూడా చాలావరకు ఈ మూడు తూటాల భాషలోనే ఉంటాయి. మనవాళ్ళు ఎంఓఏ అనే మాట తరచూ వాడుతున్నారు. అది కోణాన్ని కొలిచే కొలత, డిగ్రీని 60 భాగాలు చేస్తే అందులో ఒకటి. 50 మీటర్ల దూరంలో అది 14.5 మిల్లీమీటర్లు, 100 మీటర్లలో 29. దీన్నిబట్టి 50లో ఒక ఎంఓఏ కొట్టే పాయింట్ టూ టూ 100లోనూ అంతే కొడుతుందని లెక్కవేస్తే తప్పు. కాగితం మీద కోణం మారదు, గాలిలో పరిస్థితి మారుతుంది. 50 మీటర్లకు గురి సరిచేసిన ఈ తూటా 100 దగ్గరికి వచ్చేసరికి జానెడు దాకా కిందికి జారుతుంది. అక్కడ తూటాకూ తూటాకూ వేగంలో ఉన్న చిన్న తేడాయే నిలువు గీతలా కనబడుతుంది. గంటకు 15 కిలోమీటర్ల అడ్డగాలి 50 మీటర్లలోనే తూటాను రెండు సెంటీమీటర్లకు పైగా నెట్టేస్తుంది. అంటే ఆ అమ్మాయి నాలుగు రంధ్రాల గుంపంతా పక్కకు జరిగిపోయేంత. పోటీ తూటాల వేగాన్ని కావాలనే ధ్వని వేగానికి కొంచెం తక్కువగా, సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర ఉంచుతారు. అంతకన్నా వేగంగా బయలుదేరినది దారిలో ధ్వని వేగం కిందికి దిగుతూ తడబడుతుంది. వేగం ఎక్కువైతే గురి పెరుగుతుందని అనుకునేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. ఈ తూటా 1887లో అమెరికా తుపాకుల కంపెనీ స్టీవెన్స్ తెచ్చిన నాటి పద్ధతిలోనే ఇప్పటికీ ఉంది. నిప్పు రాజేసే మందు అడుగున అంచు మడతలో ఉంటుంది. పెద్ద రైఫిళ్ళ తూటాలను ఇంట్లో కొలతలు చూసుకుని తిరిగి నింపుకునేవాళ్ళు ఉన్నారు. ఈ అంచు తూటాకు ఆ వీలు దాదాపు లేదు. ఫ్యాక్టరీలో ఆ రోజు ఆ అంచులో మందు ఎంత సమానంగా పరుచుకుందో అదే మన భాగ్యం. అందుకే పెట్టె మీది లాట్ నంబరుకు, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గుర్తుకు, అంత విలువ. ఒకే పేరు, ఒకే రంగు డబ్బా, లాట్ మారితే వేరే తూటా. పోటీ షూటర్లు తమ గొట్టాన్ని తూటా కంపెనీల పరీక్షశాలకు తీసుకెళ్ళి, బిగింపులో పెట్టి, లాట్ వెనుక లాట్ కాల్పించి చూసుకుంటారు. ఎలీ, లాపువా వంటి కంపెనీలు ఇందుకోసమే ప్రత్యేకంగా రేంజిలు నడుపుతున్నాయి. వందలో ఒక మంచి తుపాకిని వెతకడం కంటే ఉన్న తుపాకికి నచ్చిన తూటాను వెతకడం మీద వాళ్ళు ఎక్కువ ఓపిక పెడతారు. నా దగ్గర ఇప్పుడున్న రైఫిలు ఒక రకంతో పదింటికి 15 మిల్లీమీటర్లు, ఇంకో రకంతో 34 ఇస్తుంది. ఏది దాని కచ్చితత్వం అంటే ఏం చెప్పను?

మరి ఎంత ఆశించవచ్చు? నా అనుభవంలో మామూలు స్పోర్టింగ్ రైఫిలు, మామూలు తూటాలతో, 50 మీటర్లలో, పదేసి తూటాలకు 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఇస్తే నిందించాల్సింది ఏమీ లేదు. నచ్చిన తూటా దొరికాక 15, 20 మధ్య నిలకడగా ఉంటే పిల్లలకు అంతకన్నా అక్కర్లేదు. దానికన్నా చిన్నది కావాలంటే బరువైన గొట్టం, పోటీ రైఫిలు కావాలి. పోటీ నియమాల ప్రకారం అవి 8 కిలోల వరకు ఉండవచ్చు. పద్నాలుగేళ్ళ చేతులకు అది గురి కాదు, బరువు.

అంతర్జాతీయ పోటీల్లో 50 మీటర్ల కాగితంపై పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పాయింట్ టూ టూతోనే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) మన దేశపు స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచారు. అర్హత రౌండులో ఆయన 60 తూటాలకు తెచ్చుకున్నది 600కి 590. మిగతా 10 ఏమయ్యాయని మనవాళ్ళెవరూ అడగలేదనుకుంటాను. ఇంట్లో పిల్లలనైతే అడుగుతాం. 98 వస్తే 2 ఎక్కడ పోయాయని అడిగే నోరు మనది. ఆ నోటిని నేను పూర్తిగా తప్పుపట్టలేను. ఆ ప్రశ్న వినీ వినీ చదువుకుని మనలో సగం మంది ఈ దేశానికి వచ్చాం. కాని ఆ అమ్మాయి అడగకముందే జవాబు చెప్పింది. పోయిన 2 ఎక్కడ పోయాయో, ఎందుకు పోయాయో చూడకుండానే చెప్పింది. పేలిన క్షణంలో తూటా ఎటు పోయిందో చెప్పగలగడం ఈ ఆటలో ఏళ్ళ తరబడి సాధించే విద్య. నాకు పట్టుబడటానికి నాలుగేళ్ళు పట్టింది. ఇప్పటికీ కొన్నిసార్లు అబద్ధం చెబుతుంటాను.

కాబట్టి సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తే ముందు నా మనవి వినండి. గ్యారంటీ రైఫిలు ఒకటి కొనే డబ్బుతో మధ్యరకంవి రెండు కొనండి. మడమ పొడుగు తగ్గించి పెంచుకునే వీలున్నవి, ట్రిగ్గర్ లాగడానికి తేలికగా ఉండి గరగర లేకుండా ఒక్కసారిగా పేలేవి. పిల్లలు మెడ చాచాల్సిన అవసరం లేకపోతే 31లో కొంత అక్కడే తగ్గుతుంది. మిగిలినదానితో నాలుగైదు రకాల పోటీ తూటాలు తెప్పించండి. ఒక్కో రకానికి గొట్టాన్ని అలవాటు పడనిచ్చి, బల్ల మీద ఆనించి, పదేసి చొప్పున రెండుసార్లు కాల్చి చూద్దాం. గెలిచిన రకాన్ని ఒకే లాట్‌లో ఏడాదికి సరిపడా కొందాం. స్క్రూలు నెలకోసారి నేను చూస్తాను. ఈ విషయంలో నన్ను నమ్మవచ్చు, ఒకసారి దెబ్బతిన్నవాడిని.

వచ్చే ఏడాది బోర్డు మీద ఎవరి కాగితం పెట్టినా దూరం, తూటాల సంఖ్య రాసి పెడదాం. మూడు తూటాలవి వద్దు. పెద్దవాళ్ళ కాగితాలూ అక్కడే, పిల్లల పక్కనే, వరుసలో ఏదీ వదలకుండా. మొదటి రోజే నా కాగితం పెడతాను. 34 మిల్లీమీటర్లు వచ్చినది.

ఆ మడత పెట్టిన కాగితం నా దగ్గరే ఉంది. విప్పి ఒక పుస్తకంలో సాపుచేసి ఉంచాను. ఆ అమ్మాయి అమ్మానాన్నలు ఇది చదివితే ఎప్పుడైనా వచ్చి తీసుకోవచ్చు. నాలుగు గంటల దిక్కున ఉన్న ఐదో రంధ్రం పక్కన, ఆ రోజు తను చూడకముందే అన్న మాటను పెన్సిలుతో రాసి పెట్టాను.