అయిదు వేల ఏళ్లు నానిన పైపు గారికి

మహారాజశ్రీ బాగ్ ఓక్ పొగాకు పైపు గారి దివ్యసముఖానికి, మల్కాజిగిరి మూడో అంతస్తు బాల్కనీ నుంచి నమస్కరించి చేసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. మీరు కుశలమే, కనిపిస్తూనే ఉన్నారు. నా నాలుకే మామిడికాయ సొన అంటినట్టు నిన్నటి నుంచి చురచురమంటోంది. పొద్దున టిఫిన్‌లో అల్లం పచ్చడి వద్దన్నానంటే పరిస్థితి మీకే తెలుస్తుంది.

నిన్న ఆదివారం పప్పుచారు, వడియాలు తిని రెండున్నరకు మీతో కూర్చున్నాను. లేచేసరికి ఆరైంది. ఈలోపు వాన వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది. మీ నిప్పుకు మాత్రం పోవడమే తెలుసు. అగ్గిపుల్లలు లెక్కపెట్టాను, అంతకన్నా వేరే పని లేదు కాబట్టి. 61. మీ ధర 4,200, కస్టమ్స్ వారి దక్షిణ, డెలివరీ వాళ్ల దక్షిణ కలిపి ఇంకో 1,900. మొత్తం 6,100. పుల్లకు వంద రూపాయలు పడ్డట్టు. ఇంత ఖరీదైన దీపారాధన తిరుమల కొండ మీద కూడా చేయించలేదు నేను.

చవక అని కదండీ మిమ్మల్ని తెప్పించుకుంది! మామూలుగా పైపులు చేసేది బ్రయర్‌తో. మధ్యధరా తీరాన పెరిగే ఒక పొద వేరు బుడిపె అది. మంచి బ్రయర్ పైపు ధర చూసినప్పుడల్లా మా అబ్బాయి ట్యూషన్ ఫీజు గుర్తొస్తుంది. అలాంటి సమయంలో మీరు కంటబడ్డారు, నల్లగా, నిగనిగలాడుతూ. పైగా పురావస్తువు కబుర్లొకటి. ఓక్ మాను ఎప్పుడో కూలి బురదనేలలో (బాగ్ అంటే అదేనట) కూరుకుపోయిందట. గాలి చొరని బురద కాబట్టి కుళ్లలేదట. చెక్కలోని వగరు, నీళ్లలోని ఇనుము కలిసి వేల ఏళ్లలో మెల్లగా నల్లబడిందట. ఫ్రాన్స్‌లో బ్రియేర్ అనే చిత్తడినేల వైపు దీన్నే మోర్టా అంటారట. మీ పెట్టెలో మడిచి పెట్టిన కాగితమైతే ‘అయిదు వేల ఏళ్ల ఓక్’ అని బంగారు అక్షరాలతో చెప్పింది.

ఇదంతా చదివి నేను పొంగిపోయాను. ఎందుకంటే ఈ విద్య మనకు తెలిసిందే కదా. కలంకారీ వాళ్లు గుడ్డకు కరక్కాయ పట్టించి, ఇనప తుప్పూ బెల్లమూ పులిసిన కసిం నీళ్లతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. అదీ వగరూ ఇనుమూ కలిసిన నలుపే. మన కలంకారీ వాళ్లు గంటల్లో తేల్చే పనికి మీ బురద వేల ఏళ్లు తీసుకుందన్నమాట. పోనీలే, నిదానమే ప్రధానం అనుకున్నాను. మా అమ్మ ఆవకాయ మూడో రోజుకు తిరగకలుపుతుంది. అయిదు వేల ఏళ్లు ఊరినదాని రుచే వేరుగా ఉంటుందనుకున్నాను. చార్మినార్ కట్టింది 1591లో. అప్పటికే మీరు నాలుగున్నర వేల ఏళ్లుగా నానుతున్నారు. ఆ చార్మినార్ పేరు పెట్టుకుని ఇదే ఊళ్లో తయారైన ఫిల్టరు లేని సిగరెట్టు మాత్రం, చినుకుల్లో బస్టాపు కింద నిలబడ్డా, ఒక్క పుల్లకు అంటుకునేది. కాలేజీ రోజుల మాట. పోనివ్వండి.

నా వైపు నుంచి మర్యాదలో లోటు జరగలేదు. పొగాకు తడిగా ఉంటే మీకు పడదన్నారు. అమెరికా నుంచి మా బావమరిది తెచ్చిన వెనీలా వాసన పొగాకును పేపరు మీద పరిచి, ఫ్యాను కింద గంటసేపు ఆరబెట్టాను. అమ్మ వచ్చి వేళ్లతో నలిపి చూసి, ‘ఒరేయ్, టీ పొడి ఎలా తడిసిందిరా?’ అని డబ్బాలోకి ఎత్తబోయింది. కూరడానికి మూడు విడతలన్నారు: అడుగున చంటిపిల్ల చేత్తో వేసినట్టు, మధ్యలో ఆడమనిషి చేత్తో, పైన మగవాడి చేత్తో. పొగాకు కూరే గిన్నె ఒక్కటి నింపడానికి ఇంటిల్లిపాదీ కావాలన్నమాట. మొదటిసారి అంటించేది లెక్కలోకి రాదని, అది పైపొర కమరడానికేనని కూడా అన్నారు. నా 61 పుల్లల్లో లెక్కలోకి వచ్చిన పుల్ల ఏదో మీరే సెలవివ్వాలి.

మొదటి నాలుగుసార్లు ఆరిపోవడం నా తప్పే. ఒప్పుకుంటున్నాను. గట్టిగా కూరాను. ఆత్రంగా పీల్చాను, నాలుక కాలింది అందుకే. అయిదోసారి వదులుగా కూరి, పొగను గుండెల దాకా పోనివ్వకుండా నోట్లోనే ఉంచి, సంగీతం మాస్టారి ముందు కూర్చున్న పిల్లాడిలా మెల్లగా పీల్చాను. రెండు నిమిషాలు బ్రహ్మాండం. మూడో నిమిషానికి మొదలైంది చప్పుడు. గుడగుడ. గుడగుడగుడ. ఈ రాష్ట్రంలో హుక్కా పార్లర్లను 2024లో అసెంబ్లీలో బిల్లు పెట్టి మరీ మూయించారండీ. ఆ చప్పుడును మా బాల్కనీలో పునరుద్ధరించమని మిమ్మల్ని ఎవరు అడిగారు? వెనకే ఒక చేదు చుక్క నాలుక మీద పడింది. తర్వాత నిప్పు పోయింది. అంటించాను, పోయింది. ‘ఏవండీ, ధూపం వేస్తున్నారా?’ అని లోపల్నుంచి మా ఆవిడ. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం మీద నిషేధం గట్టిగా అమల్లోకి వచ్చింది 2008 అక్టోబరు 2 నుంచి. మా హాల్లో అది అంతకు ఆరేళ్ల ముందు నుంచే ఉంది. కింద నుంచి వాచ్‌మన్ తలెత్తి, ‘సార్, పైన ఏమన్న కాల్తున్నదా?’ అన్నాడు. ఏమీ కాలడం లేదయ్యా, అదే నా బాధ అన్నాను. పైకొచ్చి మిమ్మల్ని అటూ ఇటూ తిప్పి చూసి ధర అడిగాడు. నాలుగువేలు అన్నాను, మిగతాది చెప్పడానికి సిగ్గేసి. ఇలాంటివాటిలో ఇదే చవకది అని కూడా అన్నాను. ‘అగ్గువది గదా సార్, అగ్గి గూడ అగ్గువనే ఉంటది’ అని తేల్చి వెళ్లిపోయాడు.

నోటి కాడ 9 మిల్లీమీటర్ల ఫిల్టరుకు బొరియ పెట్టి ఫిల్టరు పంపకపోవడం గురించి నేను మాట్లాడను. సికింద్రాబాద్ అంతా వెతికినా అది దొరకకపోవడం గురించి కూడా మాట్లాడను.

మాట్లాడేది వేరే బొరియ గురించి. ఆరు గంటలకు మిమ్మల్ని బోర్లించి తట్టాను. పైన బూడిద, అడుగున మాత్రం ముద్ద. తడిసిన నల్లటి ముద్ద, నిప్పు మొహమే చూడనిది. నాకు అనుమానం వచ్చింది. కొబ్బరి చీపురులోంచి ఒక ఈనె లాగి, గొట్టంలోంచి లోపలికి తోశాను. అడుగుకు ఆనుకుని బయటికి రావాలి. రాలేదు. గిన్నె గోడలో ఎక్కడో మధ్యలోంచి, కిటికీలోంచి తొంగిచూసిన పిల్లాడిలా, తల బయటపెట్టింది. మా అబ్బాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తెచ్చి, ఇంకో ఈనె నిలబెట్టి, గోటితో గుర్తు పెట్టి కొలిచాను. అడుగుకీ బెజ్జానికీ మధ్య 4 మిల్లీమీటర్లు. ‘నాన్నా, హోమ్‌వర్కా?’ అన్నాడు వాడు.

నాలుగు మిల్లీమీటర్లయ్యా! ఆ గుంటలోకి గాలి పోదు. పొగలోని చెమ్మంతా దిగి అక్కడ చేరుతుంది. దాని మీదున్న పొగాకు నానుతుంది. అదీ నీ గుడగుడ, అదీ నా 61 పుల్లల కథ. నువ్వు అయిదు వేల ఏళ్లు ఓపిక పట్టావు. నిన్ను తవ్వి తీసినవాడు, చీలిపోకుండా ఏళ్ల తరబడి ఆరబెట్టినవాడు ఓపిక పట్టారు. ఆఖర్న డ్రిల్లు పట్టుకున్నవాడికి అర నిమిషం ఓపిక లేకపోయింది! వాణ్ణి కూడా ఓ వెయ్యేళ్లు బురదలో నానబెట్టాల్సింది. నీ కాగితంలో బంగారు అక్షరాలు అచ్చేయించడానికి పెట్టిన డబ్బులో పావలా వంతు ఆ డ్రిల్లు బిట్టుకు పెట్టినా సరిపోయేది. సీసా లోపల ఓడ కట్టమన్నామా, రథం చెక్కమన్నామా? అడిగిందల్లా ఒక బెజ్జం. అది అడుగున ఉండాలి, అంతే! మా వీధి చివర చెవులు కుట్టే ఆచారి కళ్లజోడు లేకుండా ఇంతకన్నా తిన్నగా కుడతాడు.

మర్యాద తప్పాను. నువ్వు అన్నాను. ఇక వెనక్కి తీసుకోను.

మాది ఒంగోలు పక్క. పొగాకు బోర్డు గుంటూరులో పెట్టిన 1976లోనే పుట్టాను. పెదనాన్న వాళ్లకు రెండు బ్యారన్లుండేవి. వర్జీనియా ఆకు కర్రలకు కట్టి లోపల వేలాడదీసి, పొయ్యి వేడి ఎక్కడా తగ్గకుండా, ఎక్కడా హెచ్చకుండా రాత్రుళ్లు కాపలా కాసేవాళ్లు. ఆ ఆకు ముక్కు మూసుకున్నా గుర్తుపడతాను. కానీ ఆయన కాల్చింది ఎప్పుడూ లంకాకు చుట్టే. ఆరిపోతే చెవి వెనక పెట్టుకునేవాడు, కావలసినప్పుడు తీసి అంటించేవాడు. ఆరిందని చుట్టకు సంజాయిషీ అడిగిన మనిషి కాదు. దానికి మూడు విడతలు కూరడాలు లేవు, ఫిల్టరు లేదు, చరిత్ర లేదు.

ఆయన గుర్తొచ్చాడంటే ఊరికే కాదు. అడుగున ఇలా గుంట ఉన్న పైపులకు ఒక వైద్యం ఉంది. సిగారు బూడిద జల్లించి, నీళ్ల చుక్కలతో ముద్ద చేసి, బెజ్జం మట్టం దాకా గుంట పూడ్చాలి. సిగారు నేనెక్కణ్నుంచి తేను? ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి మోండా మార్కెట్ వెళ్లి మూడు చుట్టలు కొన్నాను. ఒక్కొక్కటి పది రూపాయలు. ఒకటి నేను కాల్చాను. ఒక్క పుల్ల, విను, ఒకే ఒక్క పుల్ల! రెండోది వాచ్‌మన్ కాల్చిపెట్టాడు, బూడిద రాలకుండా అరచేయి అడ్డం పెట్టుకుని, ఎంతో బాధ్యతగా. ‘బూడిద కోసమేనా సార్?’ అని రెండుసార్లు అడిగాడు. మూడోది అతనికే ఇచ్చేశాను, బూడిదతో సహా.

టీ వడకట్టే జల్లెడతో (అది మళ్లీ వంటింట్లోకి వెళ్లే యోగం లేదు, కొత్తది తేవాలి) బూడిద జల్లించి, దోసెపిండికన్నా గట్టిగా, చపాతీ పిండికన్నా పల్చగా కలిపాను. బెజ్జం మూసుకుపోకుండా ఈనె అలాగే ఉంచి, అగ్గిపుల్ల వెనకవైపుతో అడుగున మెత్తాను. మా అమ్మ గొబ్బెమ్మలు పెట్టేంత శ్రద్ధగా చేశాను. అయిదు వేల ఏళ్ల నీ చరిత్రకు పదిరూపాయల లంకాకు బూడిదతో మరమ్మతు జరిగింది. ఇది నీ కాగితంలో రాసుకో, బంగారు అక్షరాలు నేనే పెట్టిస్తాను.

ఇప్పుడు కిటికీ గట్టు మీద ఆరుతున్నావు, గొట్టంలో చీపురు ఈనెతో, ఆస్పత్రిలో ముక్కులో పైపు పెట్టిన పెద్దాయనలా. ఇందాక ఎండిందేమోనని ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. తర్వాత టీవీ ముందు కూర్చుని వార్తలయ్యేదాకా కింద పెట్టలేదని మా ఆవిడ చెబితేనే తెలిసింది. బొటనవేలు ఆనడానికి సరిగ్గా ఒక నున్నటి చోటుంది నీకు. దీపం వెలుగులో నల్లటి చెక్కలోంచి సన్నటి గోధుమరంగు చారలు తేలతాయి. బరువు కూడా బాగుంటుంది. వెలిగించనంతసేపూ నీ అంత మంచి పైపు లేదు.

బుధవారం దాకా ఆరు. ఈ వానల్లో అప్పటికీ ఆరకపోతే శుక్రవారం చూద్దాం.

ఇట్లు,
61 పుల్లల బాధితుడు

తా.క.: ఆ రెండు అగ్గిపెట్టెలూ దేవుడి గూట్లోవి. మూడోది కొని గూటికి దారంతో కట్టేసింది మా ఆవిడ, బ్యాంకులో పెన్ను కట్టినట్టు. దారం బాల్కనీ దాకా రాదు, కొలిచాను.